పసరికలు చూసే లైటు: ఒక ప్రాజెక్టు డైరీ

1వ వారం

ఈ రోజు ఆఫీసు గోడ మీద పెద్ద చార్టు అతికించాం. అడ్డంగా ముప్పై వారాలు, నిలువుగా పనులు. మేం ఐదుగురం: హార్డ్‌వేర్ చూసే తమ్ముడు, సాఫ్ట్‌వేర్ అమ్మాయి, పిల్లల డాక్టర్ మేడమ్, వారానికి రెండు రోజులు వచ్చే స్టాటిస్టిక్స్ సారు, ప్రాజెక్టు మేనేజర్‌గా నేను.

చేస్తున్నది చిన్న పరికరమే. అప్పుడే పుట్టిన పిల్లల్లో కామెర్లు (వార్డులో వీటినే పసరికలంటారు) ఎంత ఉన్నాయో సూది గుచ్చకుండా చెప్పాలి. నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనే సగం మందికి పైగా మొదటి వారంలో పసుపెక్కుతారు. చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. కొందరిలో ఆ పసుపుకు కారణమైన బిలిరుబిన్ అనే పదార్థం రక్తంలో బాగా పెరిగి మెదడులోకి చేరుతుంది. అప్పుడు వినికిడి పోవచ్చు, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పవచ్చు. సమయానికి కనిపెడితే నీలి లైటు కింద పడుకోబెట్టి నయం చేసే జబ్బు ఇది. కళ్లతో చూసి అంచనా వేయడం నమ్మకమైన పద్ధతి కాదు. రక్త పరీక్ష అన్నిచోట్లా వెంటనే జరగదు.

పరికరం చివరను పాప రొమ్ము ఎముక మీద ఆనించి నొక్కితే లోపల నీలం, ఆకుపచ్చ ఎల్ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. బిలిరుబిన్ 450-460 నానోమీటర్ల నీలి వెలుగును బాగా పీల్చుకుంటుంది, 550 దగ్గర దాదాపు ముట్టుకోదు. తిరిగి వచ్చిన రెండు వెలుగులనూ పోల్చి లెక్క కడతాం. ఇలాంటి మీటర్లు మార్కెట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి ధర చిన్న ఆసుపత్రులు భరించేలా లేదు, మా ప్రయత్నమంతా అక్కడే.

మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. చార్టులో "ఎథిక్స్ అనుమతి, 2 వారాలు" అని దానికి ఒక చిన్న పసుపు పెట్టె గీశాను. హార్డ్‌వేర్‌కు పన్నెండు వారాలు, దీనికి రెండు. మూడేళ్ల కిందట ఇంకో ప్రాజెక్టులో ఎవరో అలా గీశారని నేనూ గీశాను.

3వ వారం

ప్రోటోకాల్, అంటే అధ్యయనం ఎలా చేస్తామో చెప్పే పత్రం, రాయడం మొదలుపెట్టాం. రెండో రోజుకే గొడవ వచ్చింది.

మా మీటర్ చెప్పేది నిజమో కాదో తేలాలంటే, అదే సమయంలో తీసిన రక్తంలో బిలిరుబిన్ ఎంతుందో తెలియాలి. స్టాటిస్టిక్స్ సారు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ఉన్న పిల్లలు సమానంగా కావాలన్నారు. ఆయన మాట సబబే. అన్నీ ఎక్కువ విలువలే ఉంటే కింది స్థాయిలో మీటర్ ఎలా పనిచేస్తుందో తెలియదు. అయితే కామెర్లు లేని పాపకు డాక్టర్ రక్త పరీక్ష రాయరు. మరి ఆ రక్తం ఎక్కడిది?

"ఒక్క చుక్కే కదా" అని ఎవరో అన్నారు. పిల్లల డాక్టర్ మేడమ్ వెంటనే, "రెండు రోజుల బిడ్డ మడమలో సూది గుచ్చినప్పుడు ఆ ఏడుపు మీరెప్పుడైనా విన్నారా?" అని అడిగారు. గది నిశ్శబ్దమైపోయింది.

చివరికి ఒక వాక్యం రాసి చార్టు పైన పెట్టాం: మా కోసం ఒక్క సూది కూడా అదనంగా పడకూడదు. డాక్టర్ ముందే రక్త పరీక్ష రాసిన పిల్లలనే తీసుకుంటాం. తక్కువ విలువల కోసం, వేరే కారణంతో, ఉదాహరణకు ఇన్ఫెక్షన్ అనుమానంతో, తీసిన రక్తంలో మిగిలినది వాడతాం. దానికీ తల్లి అనుమతి తీసుకుంటాం. దీనివల్ల పిల్లలు దొరకడం నెమ్మదిస్తుంది. సారు లెక్కవేసి ఆరు వారాలు అదనం అన్నారు. చార్టు మీద మొదటి గీత చెరిపేశాను.

లైటు థెరపీ మొదలైన పిల్లలను కూడా పక్కన పెట్టాం. ఆ వెలుగుకు పైచర్మంలో పసుపు తగ్గిపోతుంది, రక్తంలో కామెర్లు అలాగే ఉన్నా చర్మం మీద తక్కువగా కనిపిస్తాయి.

5వ వారం

ఇది రాయాలా వద్దా అని ఆలోచించి, రాయాలనే నిర్ణయించుకున్నాను.

తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు కొంచెం పసుపెక్కింది. వాడు ఫోన్ చేశాడు. "అక్కా, ప్రోటోటైప్ నా బ్యాగులోనే ఉంది. పాపకు ఎలాగూ రక్త పరీక్ష రాశారు. ఒక్కసారి పెట్టి చూస్తా. నా బిడ్డే కదా, నేను ఒప్పుకుంటే చాలదా?"

వాడి గొంతులో ఆత్రం, భయం రెండూ ఉన్నాయి. వద్దన్నాను. పరికరం చేసినవాడే తండ్రి అయినప్పుడు, ఆ ఒప్పుకోలు ఎవరి కోసం? పరికరానికి అప్పటికి విద్యుత్ భద్రత పరీక్ష కాలేదు, చర్మానికి తగిలే సిలికోన్ చివర ఒంటికి పడుతుందో లేదో చూసే బయోకంపాటిబిలిటీ పరీక్ష కాలేదు, వెలుగు కంటికి ఎంత సురక్షితమో కొలవలేదు. అనుమతి లేకుండా ఒక్క మనిషి మీద పెట్టినా అది మనుషుల మీద చేసిన పరిశోధనే.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే అక్కా, బ్యాగు ఆఫీసులో పెట్టించేస్తా" అన్నాడు. సాయంత్రం వాడి సొంత తమ్ముడు వచ్చి ఇచ్చి వెళ్లాడు. పాప రెండు రోజులు లైటు కింద ఉండి ఇంటికి వచ్చింది, ఇప్పుడు బాగుంది. ఆ రోజు నుంచి ప్రోటోటైపులన్నీ తాళం వేసిన బీరువాలోనే ఉంటున్నాయి. తీసినవాళ్లు రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి.

6వ వారం

ఈ వారమంతా తెలుగు మాటలతోనే గడిచింది. ఇంజినీరింగ్ కన్నా కష్టమైన పని ఇదేనని నాకు నిజంగా అనిపించింది.

తల్లికి ఇచ్చే సమాచార పత్రం తెలుగులో ఉండాలి. ముందు ఇంగ్లీషులో రాసి ఒక ఏజెన్సీతో అనువాదం చేయించాం. "ఈ అధ్యయనంలో మీ నవజాత శిశువు స్వచ్ఛందంగా పాల్గొనుటకు" అని మొదలైంది. మేడమ్ దాన్ని వార్డులో ఆయమ్మకు చదివి వినిపించారు. "స్వచ్ఛంద అంటే సంస్థోళ్లు కదా, బట్టలు పంచెటోళ్లు?" అని అడిగిందామె. మనం మీ ఇష్టం అని చెబుతున్నాం అనుకుంటున్న చోట ఆమె దానం చేసే వాళ్లు వచ్చారనుకుంది.

సరే, "మీ ఇష్టం" అని మార్చాం. అదీ కుదరలేదు. ఆసుపత్రిలో "మీ ఇష్టమమ్మా" అన్న మాట ఎప్పుడు వినిపిస్తుంది? డాక్టర్ విసుగుపడినప్పుడు. "చెప్పింది వినకపోతే మీ ఇష్టం, తర్వాత మమ్మల్ని అనొద్దు" అన్న బెదిరింపు ఆ మాట వెనకే నిలబడి ఉంటుంది. చివరికి ఇలా రాశాం: "వద్దనుకుంటే వద్దని చెప్పండి. ఎందుకని ఎవరూ అడగరు. బిడ్డకు వైద్యం ఎప్పటిలాగే జరుగుతుంది."

అసలు చిక్కు "పరిశోధన" దగ్గర వచ్చింది. "పరిశోధన", "అధ్యయనం" వార్డులో ఎవరికీ అందవు. "పరీక్ష" అంటే అందరికీ తెలుసు, కానీ ఆసుపత్రిలో జరిగేదంతా పరీక్షే. ఆ మాట వాడితే ఇది వైద్యంలో భాగమని తల్లి అనుకుంటుంది, అంటే మేం దాచినట్టే. "ప్రయోగం" నిజాయితీగల మాట, కానీ వినగానే భయపడతారు. సాఫ్ట్‌వేర్ అమ్మాయి "భయపెట్టడం ఎందుకు, పరీక్ష అనేద్దాం" అంది. నేను ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక కూడా అదే ఆలోచన.

మర్నాడు మేడమ్ ఒక దారి చూపించారు. ఏ మాట వాడాలో తేల్చకుండా, జరిగేది చెప్పేద్దాం అన్నారు. ఇప్పుడు పత్రంలో మొదటి పేరా ఇది: "ఇది పసరికలు చూసే కొత్త లైటు. ఇది సరిగ్గా చూపిస్తుందో లేదో మాకు ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే మిమ్మల్ని అడుగుతున్నాం. దీనివల్ల మీ బిడ్డకు ఇప్పుడు లాభం ఏమీ ఉండదు. డాక్టర్ గారు రక్త పరీక్ష చూసే వైద్యం చేస్తారు, ఈ లైటు చూసి కాదు."

దీన్ని వేరే వ్యక్తితో తిరిగి ఇంగ్లీషులోకి చేయించాం. అర్థం చెక్కుచెదరలేదు. ఏజెన్సీ పత్రం నాలుగు పేజీలు, మాది ఒకటిన్నర.

8వ వారం

ఎథిక్స్ కమిటీ సమావేశం వాయిదా పడింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం సమావేశంలో కనీసం ఐదుగురు సభ్యులు ఉండాలి, వాళ్లలో సంస్థకు సంబంధం లేనివాళ్లు ఒక్కరైనా ఉండాలి. ఆ రోజు నలుగురే వచ్చారు. మళ్లీ వచ్చే నెల. టెన్షన్ వచ్చింది. చార్టు మీద నా పసుపు పెట్టె రెండు వారాల నుంచి ఏడు వారాలకు సాగింది.

ఖాళీగా కూర్చోలేదు. అధ్యయనం కోసం ఆరు యూనిట్లు తయారు చేయాలన్నా టెస్ట్ లైసెన్సు కావాలి, 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కింద ఎండీ-12 ఫారంలో దరఖాస్తు, వస్తే ఎండీ-13 ఫారంలో లైసెన్సు. ఆ కాగితాలు కదిలించాం.

12వ వారం

కమిటీ ముందు నలభై నిమిషాలు. సాంకేతిక ప్రశ్నలకు సిద్ధపడి వెళ్లాను. గుచ్చుకున్న ప్రశ్న మాత్రం సామాన్య ప్రజల తరఫున కూర్చున్న సభ్యురాలి నుంచి వచ్చింది. ఆవిడ రిటైరైన స్కూల్ టీచర్.

"మీ మీటర్ చూపించే అంకె డాక్టర్లకు చూపించరు అంటున్నారు. వైద్యం మీద ప్రభావం పడకూడదని. బాగుంది. మరి ఒకవేళ మీ మీటర్ చాలా ఎక్కువ చూపించి, రక్తం రిపోర్టు రావడానికి నాలుగు గంటలు పడితే? ఆ నాలుగు గంటలూ మీకు తెలిసీ ఊరుకుంటారా?"

నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించలేదు. "ఆలోచించలేదమ్మా, ఆలోచించి రాసి ఇస్తాం" అన్నాను.

వారం పాటు కూర్చుని తేల్చాం. అంకె ఎవరికీ కనబడదు, మాకూ కనబడదు. కానీ ఒక గీత దాటితే పరికరం మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అప్పుడు సిస్టర్ ల్యాబ్‌కు ఫోన్ చేసి ఆ శాంపిల్ ముందు చేయమంటారు. అంతకు మించి వైద్యంలో ఏ మార్పూ ఉండదు. మా మీటర్ తప్పు చూపించినా నష్టం లేదు, ఒక రిపోర్టు తొందరగా వస్తుంది, అంతే.

ఇంకో ప్రశ్న కంటి గురించి. చివర పూర్తిగా చర్మానికి ఆనితేనే వెలిగేలా స్విచ్ ఉందని చూపించాం. నుదురు వదిలి రొమ్ము ఎముకను ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

మూడో ప్రశ్న చర్మం రంగు గురించి. ఆ అడిగిన డాక్టర్ గారికి నేను రుణపడి ఉన్నాను. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సీమీటర్ల మీద 2020 డిసెంబరులో అమెరికాలో వచ్చిన అధ్యయనం గుర్తుచేశారు. మీటర్ 92-96 శాతం చూపిస్తున్నా రక్తంలో నిజానికి 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. ప్రపంచమంతా దశాబ్దాలుగా వాడుతున్న పరికరం అది. మాదీ చర్మం మీద వెలుగుతో కొలిచేదే. అందుకే ప్రతి పాప చర్మపు ఛాయను నమోదు చేసి, ఛాయలవారీగా ఫలితాలు విడిగా చూడాలని ప్రోటోకాల్‌లో చేర్చాం.

14వ వారం

అనుమతి వచ్చింది. అదే వారం బెంచ్ మీద తప్పు దొరికింది.

పసుపు ప్లాస్టిక్ బిళ్ల మీద వరసగా ఇరవై సార్లు కొలిస్తే, చివరి కొలతలు మొదటివాటి కంటే డెసిలీటరుకు దాదాపు రెండు మిల్లీగ్రాములు తక్కువ చూపిస్తున్నాయి. తమ్ముడు రెండు రాత్రులు కూర్చుని కారణం పట్టుకున్నాడు. వేడెక్కేకొద్దీ ఆకుపచ్చ ఎల్ఈడీ వెలుగు నీలం కన్నా ఎక్కువగా తగ్గిపోతోంది. రెండింటినీ పోల్చే లెక్కలో దానివల్ల పసుపు తక్కువున్నట్టు వస్తోంది.

ఎక్కువ చూపిస్తే ఒక పాపకు అనవసరంగా రక్త పరీక్ష జరుగుతుంది. తక్కువ చూపిస్తే కామెర్లున్న పాప ఇంటికి వెళ్లిపోతుంది. రెండూ తప్పులే గానీ సమానం కావు. పరికరంతో రాగల ప్రమాదాలన్నీ రాసుకునే రిస్క్ ఫైల్‌లో తక్కువ చూపించడాన్ని అన్నిటికన్నా పైన పెట్టాం. అధ్యయనంలో వైద్యం రక్త పరీక్ష మీదే నడుస్తుంది కాబట్టి ఇలాగే మొదలుపెట్టి తర్వాత సరిచేద్దామన్న మాట కూడా వచ్చింది. తెలిసిన లోపంతో తల్లి ముందు నిలబడి "సరిగ్గా చూపిస్తుందో లేదో తెలియదు" అని ఎలా చెప్పగలం? తెలుసు కదా.

ప్రతి మెరుపునూ కొలిచే ఇంకో చిన్న సెన్సర్ లోపల పెట్టాలి. బోర్డు మళ్లీ గీయాలి. నాలుగు వారాలు. మార్పు గురించి కమిటీకి కూడా రాసి పంపాలి.

తమ్ముడు డీలా పడిపోయాడు. వాడికి తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ గుండె కవాటం సంగతి చెప్పాను. మూడు మోడళ్లు పక్కన పెట్టాక నాలుగోదాన్ని 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషికి అమర్చారు. ఇప్పటికి అలాంటివి లక్షకు పైగా అమర్చారు. వాడు విని, లేచి సోల్డరింగ్ స్టేషన్ ఆన్ చేశాడు.

19వ వారం

మనుషుల మీద చేసే అధ్యయనాలను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ, సీటీఆర్ఐ, నుంచి నంబరు బుధవారం వచ్చింది. 2018 ఏప్రిల్ నుంచి ముందుగా నమోదు కాని అధ్యయనాన్ని వాళ్లు తీసుకోవడం లేదు, కాబట్టి ఆ నంబరు వచ్చేదాకా ఒక్క పాపను కూడా చేర్చలేదు. గురువారం మొదటి పాప. తల్లికి ఇరవై రెండేళ్లు ఉంటాయి. మొత్తం విని, "ఏం గుచ్చరు కదా మేడమ్?" అని రెండుసార్లు అడిగి సంతకం పెట్టింది. వారం చివరికి పది మంది అయ్యారు. అందరం సంతోషంగా ఉన్నాం.

20వ వారం

సంతోషం నిలవలేదు. ఫారాలు సరిచూస్తుంటే ఆరింటి మీద సంతకం సమయం బిడ్డ పుట్టిన సమయం కన్నా ముందుంది.

వార్డుకు వెళ్లి అడిగాను. పని తగ్గుతుందని ఒక సిస్టర్ మా ఫారాన్ని అడ్మిషన్ కాగితాల కట్టలో కలిపేశారు. నొప్పులతో వచ్చిన తల్లి లేదా ఆమె భర్త అన్నిటితో పాటు దీని మీదా సంతకం పెట్టారు. సిస్టర్‌లో చెడు ఉద్దేశం లేదు. ముప్పై మంది తల్లులను ఇద్దరు చూసుకుంటున్న వార్డు అది. తప్పు నాది. సమ్మతి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీసుకోవాలో ప్రోటోకాల్‌లో రాశాను గానీ, దానికి మనిషినీ సమయాన్నీ ఇవ్వలేదు. వాళ్ల పని మీద నా పని మోపాను.

ఆ సంతకాలు చూస్తుంటే ఖమ్మం గుర్తొచ్చింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు జరిగింది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా ప్రపంచమంతా వాడుతున్నదే, మంచిదే. మంచి టీకా కావడం ఆ పిల్లల తల్లిదండ్రులను అడగకపోవడాన్ని సరిచేయలేదు. ఆ సంగతి గురించి చదివినప్పుడల్లా వాళ్లెవరో వేరేవాళ్లు అనుకునేదాన్ని.

ఆరుగురు పిల్లల కొలతలు లెక్కలోంచి తీసేశాం. ఆ ఆరుగురు తల్లులనూ మేడమ్, నేను కలిసి జరిగింది చెప్పాం. ముగ్గురు ఇంకా వార్డులో ఉన్నారు, ముగ్గురికి ఫోన్ చేశాం. ఒకామె కోపంగా "ముందే అడగాలె కదా" అంది. అవునమ్మా, అడగాల్సింది, తప్పయింది అని చెప్పాను. కమిటీకి ఉల్లంఘన నివేదిక పంపాం. కొత్త పిల్లలను చేర్చడం మేమే ఆపుకున్నాం.

22వ వారం

నిధులిచ్చిన వాళ్లతో కాల్. ఈ పాటికి అరవై మంది కావాలి, నలుగురు ఉన్నారు. ఆరుగురిని ఎందుకు తీసేశామో, బోర్డు ఎందుకు మార్చామో ఉన్నదున్నట్టు చెప్పాను. అటువైపు ఒకాయన, "కొలతలు సరైనవే కదా, కాగితం తప్పుకు డేటా ఎందుకు పారేయాలి?" అన్నారు. మేడమ్ జవాబిచ్చారు: "ఆ డేటా మాది కాదు సార్. వాళ్లు ఇవ్వలేదు."

మూడు నెలల గడువు ఇచ్చారు, అదనంగా డబ్బు లేదు. నేనూ తమ్ముడూ మూడు నెలలు సగం జీతం తీసుకుంటాం. ఆ మిగులుతో తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడే ఒక అమ్మాయిని సమ్మతి పని కోసమే పెట్టుకున్నాం. ఆమెకు రోజుకు ఎంతమందిని చేర్చాలన్న టార్గెట్ పెట్టలేదు. చేరిన ప్రతి ఒక్కరికీ ఇంత అని ఇస్తే ఆమె నోటినుంచి "వద్దంటే వద్దనండి" అనే మాట గట్టిగా రాదు.

కొత్త పద్ధతి ఇది. ప్రసవమయ్యాక కనీసం ఆరు గంటల వరకు తల్లి దగ్గరికి వెళ్లం. చదవలేని తల్లికి చదివి వినిపించేటప్పుడు, మాతో గానీ ఆసుపత్రితో గానీ సంబంధం లేని సాక్షి పక్కన ఉంటారు. చెప్పాక వెంటనే సంతకం అడగం. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోమని చెప్పి వెళ్లి, తర్వాత వస్తాం. చార్టు మీద ప్రతి తల్లికి ఒక పూట లెక్క వేశాను. పసుపు పెట్టెను తీసేసి, మొదటి వారం నుంచి ఆఖరి వారం దాకా పొడుగునా ఒక పసుపు గీత గీశాను.

25వ వారం

ఇప్పటికి పంతొమ్మిది మంది. తొలి పోలికలు చూశాం. తక్కువ, మధ్యస్థ విలువల్లో రక్తానికి దగ్గరగానే ఉన్నాం, డెసిలీటరుకు 15 మిల్లీగ్రాములు దాటాక మీటర్ తక్కువ చూపిస్తోంది. తక్కువ మందే కాబట్టి దీనిమీద ఇంకేమీ అనను. ఎర్ర లైటు రెండుసార్లు వెలిగింది. రెండుసార్లూ ల్యాబ్ వాళ్లు గంటలోపే రిపోర్టు ఇచ్చారు.

ఈ వారం ఏడుగురిని అడిగితే ముగ్గురు వద్దన్నారు. ఇరవయ్యో వారానికి ముందు ఒక్కరు కూడా వద్దనలేదు. ఆ సున్నాను చూసి అప్పుడు గర్వపడ్డాను, అనుమానపడాల్సింది.

వద్దన్న ముగ్గురిలో ఒకామెకు లైటు నచ్చింది, పట్టుకుని చూసింది కూడా. "మా అత్తమ్మను అడిగి చెప్తా" అంది. సాయంత్రం అత్తమ్మ వచ్చి, "పసిబిడ్డకు ఇప్పుడేం వద్దు బిడ్డా, పొద్దుగాల ఎండ చూపెడ్తం" అన్నారు. ఎండ చూపించినా డాక్టర్ రాసిన రక్త పరీక్ష మాత్రం చేయించండి అని మా అమ్మాయి చెప్పింది. చేయించారు, పదకొండు వచ్చింది, మర్నాడు డిశ్చార్జ్ చేశారు. వెళ్తూ ఆ తల్లి మా అమ్మాయిని పిలిచి, "నీకేం ఇబ్బంది కాలే కదా?" అని అడిగిందట.

వచ్చే వారం పనులు: 3వ నంబరు యూనిట్ స్విచ్ స్ప్రింగ్ వదులైంది, మార్చాలి. 15 దాటిన విలువల గురించి సారుతో శనివారం కూర్చోవాలి. ఉర్దూ సమాచార పత్రంలో "లైటు" అన్న చోట ఏ మాట పెట్టాలో వార్డులో ఇద్దరు తల్లులను అడగాలి.